తిరిగొచ్చిన డబ్బాలు

"మీరు ముగ్గురూ కలిసి పిల్లల కడుపుల్ని మీ గోదాము చేసుకున్నారు. తెలిసే చేశారు. తెలియదని మాత్రం అనకండి, ఈ గదిలో ఆ మాట చెల్లదు."

చుక్కలక్క ఈ మాట అన్నది ఫ్యాక్టరీ మేడమీద, మేనేజరు బల్లకు ఇవతల నిలబడి. కూర్చోమని ఆయన అనలేదు. అన్నా ఆమె కూర్చునేది కాదు. చేతిలో కవరు ఉంది. ఆ కవరు ఆమెకు అందిన చోటే పోయిన వారం కథ ఆగింది.

ఆ కవరు ఎందుకొచ్చిందో కొత్తగా చదివేవాళ్లకు రెండు ముక్కల్లో చెప్పాలి. ఇది వనస్పతి తయారుచేసే ఫ్యాక్టరీ. నూనె గడ్డకట్టి డబ్బాల్లోకి ఎక్కే చోటు. చుక్కలక్క ఇక్కడి ల్యాబులో తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. నూనె కంపు పట్టే దారిలో ఎంతదూరం పోయిందో చెప్పే పరీక్ష ఒకటుంది. గాజు గొట్టంలోంచి మందు చుక్క చుక్కగా వదిలి, సీసాలో నీలిరంగు విరిగిపోయేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. తక్కువ చుక్కలకే విరిగితే సరుకు తాజా. రోజంతా ఆమె పెదాలు చుక్కలు లెక్కపెడుతూ కదులుతూనే ఉంటాయి. అందుకే ఆ పేరు. అసలు పేరు హాజరు పుస్తకానికి తప్ప ఎవరికీ గుర్తులేదు.

ల్యాబు కిటికీ గట్టుమీద ఒక వనస్పతి సీసా పద్నాలుగు నెలలుగా పడి ఉంది. మూత వదులు, పైన ఎండ. మామూలుగా అయితే రెండు మూడు నెలలకే పాత పెయింటు డబ్బాలా కంపు కొట్టాలి. కొట్టలేదు. నిన్న తీసి పెట్టినట్టుంది. ఇంకెవరైనా అయితే మా సరుకు ఎంత గొప్పదో అని మురిసిపోయేవాళ్లు. ఆమె మూత తీసి ఇంకోసారి వాసన చూసింది. చెడిపోవలసింది చెడిపోలేదంటే అందులో ఏదో ఎక్కువైందని అర్థం. ఎక్కువయ్యేది ఒక్కటే. నిలవ పొడి. నూనె గాలికి పాడవకుండా వేసే తెల్లటి రసాయనం. ఆ పొడి ఎంతుందో కొలిచే యంత్రం ఈ ఫ్యాక్టరీలో లేదు. కొనమని ఆమె మూడుసార్లు రాసింది. మూడుసార్లూ 'చూద్దాం' అన్నారు. అందుకని ఎవరికీ చెప్పకుండా ఈ నెల సరుకు నమూనా బయటి ల్యాబుకు పంపింది.

జవాబు ఈ కవర్లో ఉంది. కిలోకు రెండు వందల మిల్లీగ్రాములు మించకూడని పొడి, ఏడు వందల పది ఉంది.

"చదివావా, లేక చదివించుకున్నావా?" అన్నాడు మేనేజరు.

ఈయన్ని ఫ్యాక్టరీలో అందరూ అల్లుడుగారు అంటారు. యజమాని కూతుర్ని చేసుకున్నాడు మరి. వెనకాలే కాదు, ఎదురుగా కూడా అలాగే పిలుస్తారు. మొదట్లో ఉడుక్కున్నాడట. తర్వాత ఆ పిలుపులో ఉన్న భద్రత అర్థమైంది. మేనేజర్లు మారతారు గానీ అల్లుళ్లను అంత తేలిగ్గా మార్చరు.

"మీరే చదవండి సార్. అంకెలు పెద్దవే, కళ్లద్దాలు అక్కర్లేదు."

ఆయన కాగితం తీసుకుని చదివాడు. మడతలు ఉన్నవి ఉన్నట్టే వేసి బల్లమీద పెట్టాడు. ముఖంలో ఏమీ కదల్లేదు. అద్దాల గోడకు అవతల, కింద, డబ్బాలు నింపే లైను నడుస్తోంది. ఖాళీ డబ్బాలు ఒకదాని వెనక ఒకటి వచ్చి గొట్టం కింద ఆగి, నిండి, ముందుకు జరుగుతున్నాయి. ఈ గదిలో ఎవరు ఏమన్నా ఆ లైను ఆగదు. ఆమెకు మండిపోయేది ముఖ్యంగా అందుకే.

"ముగ్గురన్నావు. అందులో నన్నెందుకు కలిపావమ్మా?" అన్నది తలుపు పక్కన నిలబడ్డ లేబుళ్ల పిన్ని. పిన్ని అని పిలవడమే గానీ ఎవరికీ చుట్టం కాదు. ఇరవై ఏళ్లుగా డబ్బాలకు లేబుళ్లు అతికిస్తుంది. నోటికి మూతలేని మనిషి. "నేను అతికించేది కాగితం. ఏ పిల్లకీ నేను కాగితం తినిపించలేదు."

"పాత తేదీ పీకి కొత్త తేదీ అతికించేది నువ్వే కదా పిన్నీ."

"నేను కాక అల్లుడుగారు అతికిస్తారా? ఆయన చేతికి జిగురంటితే ఇంట్లో ఊరుకుంటారా?"

ఇంకోరోజైతే మేడమీద గది అంతా నవ్వేది. ఇవాళ ఎవరూ నవ్వలేదు. పిన్నికి కూడా నవ్వు పెదాల దాకా వచ్చి ఆగింది.

మూడోవాడు గోడకు చేరగిలబడి నేలకేసి చూస్తున్నాడు. చుక్కలక్క అతనివైపు చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతోందో ఆమెకే తెలుసు. అతను ఆమె మేనమామ. తల్లి పోయాక పదకొండేళ్ల పిల్లను భుజాన వేసుకుని తెచ్చి పెంచినవాడు. పరీక్ష ఫీజు గడువు రోజున షిఫ్టు ఎగ్గొట్టి, నడిచి, చెమటలు కక్కుకుంటూ వచ్చి కట్టినవాడు. ఈ ల్యాబులో ఉద్యోగం ఉందని తెలిసి, దరఖాస్తు ఆమెకంటే ముందు తనే తెచ్చినవాడు. కింద కరిగించే గదిలో నిలవ పొడి పోసేది ఆయనే. పద్దెనిమిదేళ్లుగా ఆ గదిలోనే, పొడి వాడకం మొదలైనప్పటినుంచీ ఆయనొక్కడే. వేళ్ల సందుల్లో తోలు ఎర్రగా పగిలి ఉంటుంది. తొడుగులు ఇవ్వమని అడిగితే ఏటా ఒక జత ఇస్తారు. పొడి మాత్రం రోజూ పోయాలి.

"ఇందులో పెద్ద చిక్కేమీ లేదు," అన్నాడు అల్లుడుగారు. "పొడి పోసేది ఎవరు? ఇక్కడే ఉన్నాడు. కొలత తప్పి పోశాడు. వయసు మీద పడింది, లెక్క తప్పింది. ఆయన్ని ఇంట్లో కూర్చోబెడదాం, కొత్తవాణ్ణి పెడదాం. నువ్వడిగిన యంత్రం కూడా తెప్పిస్తాను. సరేనా?"

చుక్కలక్క మేనమామవైపు తిరిగింది. "మావయ్యా. నువ్వు ట్యాంకుకు ఎన్ని కొలతలు పోస్తావు?"

మావయ్య కాలి బొటనవేలితో నేలమీద గీత గీశాడు.

"నిన్నే అడుగుతున్నా. ఎన్ని?"

"ఎక్కువే పడి ఉంటుంది తల్లీ," అన్నాడు నేలకే చెబుతున్నట్టు. "చెయ్యి వణుకుతోంది ఈమధ్య. సార్ అన్నదే నిజం."

అది అబద్ధం. ఆమెకు ఒక్క క్షణం కూడా పట్టలేదు తెలుసుకోవడానికి. కొలత గిన్నె నిండాక పైన స్కేలుతో గీసి, గిన్నె అంచును గోటితో తట్టి, మళ్లీ గీసే మనిషి ఆయన. ఇంట్లో కాఫీలో పంచదార కూడా చెంచా చదునుచేసి వేస్తాడని అత్తయ్య వెక్కిరిస్తూ ఉంటుంది. వణికే చెయ్యి కాదది. మరి ఎందుకు నెత్తిన వేసుకుంటున్నాడు?

"కిందికి పదండి," అంటూ బల్లమీది కాగితం తీసి కవర్లో పెట్టుకుంది. "కరిగించే గదిలోనే తేలుద్దాం."

"వద్దు," అన్నాడు మావయ్య వెంటనే. ఇప్పటిదాకా తల ఎత్తనివాడు ఎత్తాడు. "అక్కడేముంది చూడ్డానికి? సార్ అన్నారుగా. అయిపోయింది. నువ్వు ల్యాబుకు పో."

అల్లుడుగారు మాత్రం కుర్చీలోంచి లేచాడు. చొక్కా సర్దుకున్నాడు. "లేదు లేదు, పదండి. అమ్మాయి అడిగింది కదా. చూడాల్సిందే," అన్నాడు. ఆ గొంతులో ఏదో తీరుబడి ఉంది. చుక్కలక్క అది విన్నది గానీ పట్టించుకోలేదు. కోపం తలకెక్కినప్పుడు మనిషికి చెవులు సగమే పనిచేస్తాయి.

ఇనప మెట్లు దిగారు. నలుగురి నడకకు మెట్లన్నీ మోగాయి. కరిగించే గదిలో ఆవిరి గొట్టాల వేడి ముఖానికి తగిలింది. గదిలో సగం జాగా ట్యాంకుదే. మనిషికి రెండింతల ఎత్తు, పక్కన ఎక్కడానికి నిచ్చెన, కింద వాల్వు. ఈ గదిలో పని చేసే పద్ధతి ఒకటుంది. ట్యాంకు నిండాక మావయ్య ఒక చిన్న గిన్నెలో వేడి నూనె తీసుకుని, అందులో పొడి కరిగించి, నిచ్చెనెక్కి పోస్తాడు. తిప్పే యంత్రం దాన్ని అంతా కలుపుతుంది. పోయగానే కిందికి దిగి వాల్వుకు ఒక రేకు బిళ్ల తగిలిస్తాడు. బిళ్ల ఉంటే పొడి పడిందని అర్థం. అదే ట్యాంకులో మరిచిపోయి రెండోసారి పోయకుండా ఆ ఏర్పాటు. ట్యాంకు ఖాళీ అయి మళ్లీ నిండితే బిళ్ల తీస్తారు. కొత్త ట్యాంకు, కొత్త కొలత.

ఇప్పుడు వాల్వుకు బిళ్ల వేలాడుతోంది. కిందనుంచి డబ్బాలు నిండుతున్నాయి.

"నువ్వు పోసేది ఒక్క కొలతే కదా మావయ్యా. ఈ గిన్నెతో. గీసి."

మావయ్య ఆమెకూ గోడకూ మధ్య వచ్చి నిలబడ్డాడు. ఆ గోడకు ఒక మేకు ఉంది. మేకుకు ఆయన నూనె మరకల ఏప్రాను వేలాడుతోంది. ఎప్పుడూ పనిలోకి రాగానే కట్టుకునే ఏప్రాను ఇవాళ ఒంటిమీద ఎందుకు లేదో ఆమెకు అప్పటిదాకా తోచలేదు.

"పక్కకు జరుగు పెద్దాయనా," అన్నాడు అల్లుడుగారు. "మేనకోడలు చదువుకున్న పిల్ల. చదవనివ్వు."

"సార్, వద్దన్నానా," అన్నాడు మావయ్య. పద్దెనిమిదేళ్లలో ఆ గదిలో ఆయన 'వద్దు' అనడం బహుశా అదే మొదటిసారి.

చుక్కలక్క ఏప్రాను ఎత్తింది.

కింద ఒక కాగితం. ప్లాస్టిక్ తొడుగు వేసి నాలుగు మూలలా అతికించింది. ఆవిరికి తొడుగు పసుపురంగుకు తిరిగింది. లోపలి రాత మాత్రం చెక్కుచెదరలేదు. గుండ్రటి అక్షరాలు, ఒక్కో వాక్యానికి ఒక్కో అంకె, అంకె చుట్టూ ఒక సున్న. ఆ సున్నలు చుట్టే అలవాటు ఎవరిదో ఆమెకు చెప్పక్కర్లేదు. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది ఆమె రాసిన మొదటి పని పద్ధతి అది. రాసి, మావయ్యకు చదివి వినిపించి, ఇద్దరూ కలిసి అతికించారు. మావయ్య ఆవేళ గదిలోకి వచ్చినవాళ్లందరికీ చూపించాడు. 'మా అమ్మాయి రాత' అని.

మూడో అంకె దగ్గర ఆమె కళ్లు ఆగిపోయాయి.

'తిరిగొచ్చిన డబ్బాల సరుకు కరిగించి పోసినా సరే, ఆ ట్యాంకు కొత్త ట్యాంకు కిందే లెక్క. బిళ్ల తీసేయాలి. పొడి పూర్తి కొలత వేయాలి.'

ఆమె ఇంకోసారి చదివింది.

అంగళ్లలో తేదీ దాటిన డబ్బాలు ఫ్యాక్టరీకి తిరిగొస్తాయి. వాటిని కరిగించి కొత్త నూనెలో కలుపుతారు. ఆమె ఈ వాక్యం రాసిన రోజుల్లో అలా తిరిగొచ్చేవి పదింట ఒకటి. అవి కూడా పొడి వాడకం మొదలవక ముందు తయారైనవి. పొడి లేని సరుకు గనక పొడి వేయాలి. ఆ రోజుకు ఆ వాక్యం సరైనదే. తర్వాత ప్రతి డబ్బాలోనూ పొడి పడటం మొదలైంది. అంటే తిరిగొచ్చే డబ్బాలో పొడి ముందే ఉంది. దానిమీద మళ్లీ పూర్తి కొలత. ఆ డబ్బా ఇంకోసారి తిరిగొస్తే ఇంకోసారి. మావయ్య గీసి, తట్టి, ఒక్క గింజ ఎక్కువ పడకుండా పోస్తూనే ఉన్నాడు. కాగితం మీద అలా రాసి ఉంది గనక. రాసింది మేనకోడలు గనక.

తొమ్మిదేళ్లు ఆమె ఈ గదిలోకి వందలసార్లు వచ్చింది. తన రాతను తను మళ్లీ ఒక్కసారి కూడా చదువుకోలేదు.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అని అడిగింది.

"నిన్న నువ్వు కవరు పట్టుకుని ఇంటికొచ్చి లెక్కలు వేస్తుంటే," అన్నాడు మావయ్య. "పొడి ఎక్కువైంది, ఎవరో రెండుసార్లు పోస్తున్నారు అని గొణుక్కున్నావు కదా. నేను రెండుసార్లు పోసేది ఎప్పుడా అని ఆలోచిస్తే ఈ కాగితమే తట్టింది. పొద్దున వచ్చి పీకేద్దామనుకున్నా. గట్టిగా అతికించాం తల్లీ ఆ రోజు. రాలేదు. అందుకని ఏప్రాను..."

పగిలిన వేళ్లను చొక్కాకు రుద్దుకుంటూ నిలబడ్డాడు.

చుక్కలక్క కవరు గోడకు ఆనించి, వెనకవైపు లెక్క వేయడం మొదలుపెట్టింది. ఏడుపు వచ్చేటప్పుడు ఆమె లెక్క వేస్తుంది. చిన్నప్పటినుంచీ అంతే. కొలత గిన్నెతో పోస్తే కిలోకు నూట ఎనభై పడుతుంది. పదింట ఒకటి పాతదైతే, ఎన్నిసార్లు తిరిగొచ్చి కలిసినా సరిగ్గా రెండు వందల దగ్గర ఆగిపోతుంది. హద్దు దాటదు. మరి ఏడు వందల పది ఎలా వచ్చింది? వెనక్కి లెక్కగట్టింది. ఇంకోసారి గట్టింది. పెన్ను ఆగింది.

"సార్, తిరిగొచ్చిన డబ్బాలు ఎన్ని కలుపుతున్నాం మనం?"

"పదింట ఒకటి. నీకు తెలిసిందేగా."

"మావయ్యా, నువ్వు చెప్పు. డబ్బాలు తెరిచేది నువ్వే."

మావయ్య అల్లుడుగారివైపు చూసి, పిన్నివైపు చూసి, చివరికి మేనకోడలివైపు చూశాడు. "నాలుగింట మూడు," అన్నాడు. "రెండేళ్లయింది. కొత్త నూనె వాసన చూపిస్తున్నారంతే."

"నాకెందుకు చెప్పలేదు?"

"నువ్వు అడిగితేగా. ఏ రోజు కిందికొచ్చినా సీసా పట్టుకుని వచ్చావు, నింపుకుని పోయావు. నీ చుక్కలు బాగున్నాయంటే అన్నీ బాగున్నాయనుకున్నా. చదువుకున్నదానివి, నీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నా."

ఈ మాటలో నింద లేదు. అందుకే అది సూటిగా వెళ్లి తగిలింది. ఆమె చుక్కలు నిజంగానే బాగుండేవి. పొడి ఎంత ఎక్కువైతే అవి అంత బాగుంటాయి. ఆమె పెట్టే పరీక్షను ఆమె రాసిన వాక్యమే తొమ్మిదేళ్లుగా పాస్ చేయిస్తోంది.

పిన్ని గొంతు సవరించుకుంది. "ఒక్కపూట తింటే ఏమవుతుందమ్మా? ఎవరైనా పడిపోయారా?"

"పడిపోరు పిన్నీ. పడిపోరనేగా ఇంత ధైర్యం. వాంతులైతే మర్నాడే తెలిసిపోయేది. ఇది ఒక్కపూట తినే పెద్దవాళ్లకు పోవడం లేదు. బడుల వంటశాలకు పోతోంది. పది కిలోలు, పదిహేను కిలోలు ఉండే పిల్లలు, రోజూ, ఏడాది పొడుగునా. ఇంతకు మించి వద్దని హద్దు పెట్టింది వాళ్లలాంటివాళ్ల కోసమే. హద్దు దాటితే ఏమవుతుందో నాకు తెలియదు. మీకూ తెలియదు. తెలియకుండా పెట్టడానికి వాళ్లు మన ల్యాబులో సీసాలా?"

అల్లుడుగారు చేతులు కట్టుకుని అంతా విన్నాడు. అరవలేదు. ఆయన ఎప్పుడూ అరవడు. అరవాల్సిన అవసరం లేని కుర్చీ ఆయనది.

"అయిందా?" అన్నాడు. "ఇప్పుడు నేను చెప్పేది విను. ఈ గోడమీది కాగితం, నీ చేతిలో కవరు, రెండూ ఒకేసారి బాయిలర్లోకి పోతాయి. కొత్త కాగితం రాయి, సరైనది రాయి, నేను అతికిస్తాను. రేపు నువ్వూ మీ మావయ్యా మామూలుగా పనిలోకి వస్తారు. తిరిగొచ్చిన డబ్బాలు కూడా తగ్గిస్తాను, మాటిస్తున్నా. అలా కాదంటావా, రెండూ బయటికి పోతాయి. అప్పుడు రాసింది నువ్వు, పోసింది ఆయన. నేను రాసిందీ లేదు, పోసిందీ లేదు. నా సంతకం ఉన్న కాగితం ఒక్కటి చూపించు, నేను ఇక్కడే తల వంచుకుంటాను."

"ఒప్పుకో తల్లీ," అన్నాడు మావయ్య. తన కోసం ఎన్నడూ ఎవరినీ ఏదీ అడగని మనిషి బతిమాలుతున్నాడు. "నీ పేరు పేపరుకెక్కితే ఇంకే ల్యాబూ నిన్ను గడప తొక్కనివ్వదు. ఎంత చదివావు. ఎన్నేళ్లు చదివావు. నన్ను చూడు, నేనెలాగూ ఇవాళో రేపో ఇంట్లో కూర్చునేవాణ్ణే. పొడి నేనే తప్పు పోశానంటా. సంతకం పెడతా. నీ కాగితం మాట ఎవరికీ తెలియక్కర్లేదు. ఇకనుంచి సరిగ్గా చేద్దాం. అంతేగా కావాల్సింది? ఇకనుంచి సరిగ్గా జరగడమేగా?"

చాలా మంచి బేరం అది. అందులో అందరికీ ఏదో ఒకటి ఉంది. అల్లుడుగారికి కుర్చీ, ఆమెకు పేరు, మావయ్యకు మేనకోడలు. ఇప్పటికే ఊళ్లలో చేరిన డబ్బాల మాట మాత్రం అందులో లేదు. తినేవాళ్లకు ఏమీ లేదు. ఎవరూ వాళ్లను బేరానికి పిలవలేదు.

ఆమె ఒప్పుకోవాలని అనుకోలేదని అంటే అబద్ధమవుతుంది. అనుకుంది. నాలుగు ఊపిర్లపాటు గట్టిగానే అనుకుంది. కవరును రెండుగా మడిచింది కూడా. బాయిలర్ పది అడుగుల దూరంలోనే ఉంది.

"ఈ నెల డబ్బాలు ఎక్కడున్నాయి?" అని అడిగింది చివరికి. "ఇదే ట్యాంకువి."

గొట్టాల్లో ఆవిరి బుసకొట్టింది. లేబుళ్ల పిన్ని కొంగుతో మెడ తుడుచుకుంది.

"ఎక్కడ పిన్నీ?"

"గోదాములో సగం ఉన్నాయి."

"మిగతా సగం?"

"పొద్దున ఎనిమిదింటికి లారీ పోయింది," అన్నది పిన్ని. "వంటశాలకే. వాళ్లకు నిన్నటితో అయిపోయాయట, తొందరపెట్టి తెప్పించుకున్నారు. పదకొండింటికి పొయ్యిలు వెలిగిస్తారు."

గోడ గడియారంలో పదకొండుకు ఇంకా పద్దెనిమిది నిమిషాలుంది.

'ఇకనుంచి' అన్న మాట అంతసేపూ చాలా పెద్దగా వినిపించింది ఆమెకు. ఇప్పుడది ఊడి కింద పడింది. ఇకనుంచి కాదు. పద్దెనిమిది నిమిషాలు.

చుక్కలక్క గోళ్లతో కాగితం మూల గీరింది. రాలేదు. మావయ్య పొడి సంచులు కోసే కత్తి తీసుకుని నాలుగు మూలలా కోసింది. సున్నంతో సహా ఊడివచ్చింది కాగితం. తొడుగు లాగేసి, వెనక్కి తిప్పి, ట్యాంకు నిచ్చెన మెట్టుమీద పెట్టి రాసింది. ఎక్కువ రాయలేదు. 'దీనిలోని మూడో వాక్యం తప్పు. రాసింది నేను. తొమ్మిదేళ్లుగా సరిచూడనిది నేను. దీన్ని అనుసరించినవారి తప్పు లేదు.' కింద తన పూర్తి పేరు రాసి సంతకం పెట్టింది. పుట్టినప్పుడు ఆ పేరు పెట్టింది మావయ్యే.

మావయ్య ముఖం రెండు చేతుల్లో దాచుకున్నాడు.

"తెలివి తక్కువ పని చేశావు," అన్నాడు అల్లుడుగారు. మొదటిసారి ఆయన గొంతు కాస్త పైకి లేచింది. "ఇప్పుడు చూపించు. ఇందులో నేనెక్కడున్నాను?"

"సంతకం గురించి అడుగుతున్నారా అల్లుడుగారూ?" అన్నది లేబుళ్ల పిన్ని.

అందరూ ఆమెవైపు తిరిగారు. పిన్ని ఎవరివైపూ చూడటం లేదు. తన అరచేతుల్లో ఎండిపోయిన జిగురు పొట్టు గిల్లుకుంటోంది.

"కొత్త తేదీల లేబుళ్ల కట్టలు మీ బీరువాలో ఉంటాయి కదా. 'పాతవాటి మీదికి ఇన్ని' అని మీరు చీటీ రాసి సంతకం పెడితే గానీ నా చేతికి రావు. లేబుళ్లు అమ్ముకుంటోందని రేపు ఎవరైనా నన్ను దొంగను చేస్తారేమోనని ఆ చీటీలన్నీ తీగకు గుచ్చి ఉంచాను. రెండేళ్లవి. తీగ నిండిపోతే రెండో తీగ పెట్టాను." జిగురు పొట్టు కింద రాల్చింది. "ఉన్నాయన్నాను. ఇస్తానని అనలేదు. నాకూ ఇద్దరు కూతుళ్లున్నారు."

అల్లుడుగారి కళ్లు ఒక్కసారి లేబుళ్ల గది తలుపువైపు పోయి వచ్చాయి. ఆ చూపు చుక్కలక్క చూసింది. పిన్ని కూడా చూసింది. ఆయన ఒక అడుగు వేశాడు. చుక్కలక్క అడ్డంగా వచ్చి నిలబడింది. పగిలిన చేతులతో మావయ్య వచ్చి ఆమె పక్కన నిలబడ్డాడు.

"మావయ్యా, ముందు వాల్వు మూయి. ఈ ట్యాంకులోంచి ఇంకొక్క డబ్బా నిండకూడదు. పిన్నీ, నీ కూతుళ్ల మాట నాకు తెలుసు, వాళ్లూ ఆ బడి అన్నమే తిని పెద్దయ్యారు. పోయి ఆ రెండు తీగలూ తెచ్చి నా చేతిలో పెట్టు. అల్లుడుగారూ, మీరు లేబుళ్ల గదికి పోనక్కర్లేదు. మీరు పోవాల్సింది ఫోను దగ్గరికి. వంటశాలకు చేయండి. పొయ్యి వెలిగించొద్దని, పొద్దున వచ్చిన డబ్బా ఒక్కటి కూడా తెరవొద్దని మీ నోటితో చెప్పండి. కారణం అడిగితే నా పేరు చెప్పండి, రాసింది ఫలానా అమ్మాయని చెప్పండి, తర్వాత మీ పేరు చెప్పండి. గోదాములో ఉన్నవాటికి సీలు వేయించండి, ఊళ్లలో ఉన్నవాటిని వెనక్కి పిలిపించండి, ఈసారి కరిగించడానికి కాదు. అవన్నీ తర్వాత. ముందు ఫోను. పదిహేను నిమిషాలుంది. తీయండి."